‘కాలు మోపొద్దు’ అంటే ఎంతవరకు, ఏ తేదీ వరకు?

సంపాదకుల వారికి నమస్కారం.

పాదానికి ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లేవాళ్ల చేతిలో పెట్టే డిశ్చార్జి కాగితం చివర్న ఒక లైను ఉంటుంది: ‘ఎన్‌డబ్ల్యూబీ 6 వారాలు’. ఇంగ్లిషు పొడి అక్షరాలు. ఆ కాలి మీద బరువు వేయొద్దని దానర్థం. రాసిన డాక్టరుకు అది అలవాటైన మాట. చదివే మనిషికి మాత్రం మందు పేరో, పరీక్ష పేరో. ఎవరైనా విడమరిచి చెప్పినా చిక్కు తీరదు. 6 వారాలంటే ఎప్పటినుంచి? ఆపరేషన్ రోజు నుంచా, ఇంటికొచ్చిన రోజు నుంచా, కుట్లు విప్పిన రోజు నుంచా? బరువు వేయొద్దంటే బొత్తిగా ఆనించకూడదా, మడమ ఆనించొచ్చా, రాత్రిపూట బాత్రూముకైతే ఒక్కసారికి ఫరవాలేదా?

విశాఖలో ఎముకల వార్డుల్లో, ఫిజియోథెరపీ గదుల్లో పనిచేసే మేము కొందరం కలిసి రాస్తున్న ఈ ఉత్తరం ఆ ఒక్క లైను గురించే. సర్జను గంటన్నరలో సరిచేసి స్క్రూ బిగించిన ఎముక, మంచం నుంచి బాత్రూముకు వేసిన నాలుగడుగుల్లో పక్కకు జరగొచ్చు. పాదాల ఆపరేషన్ల మీద పత్రికల్లో వచ్చే రాతలు ఎక్కువగా థియేటర్ తలుపు దగ్గర ఆగిపోతాయి. ఆ తలుపుకు ముందు నెలా, తర్వాత మూడు నెలలూ రోగి చేతిలో, ఇంటివాళ్ల చేతిలో ఉంటాయి. ఆ భాగమే రాస్తున్నాం. నిడివి ఎక్కువై కత్తిరించాల్సి వస్తే, దయచేసి అంకెలు మాత్రం కత్తిరించకండి.

పెద్దవాళ్లలో ఎక్కువగా చూసేది బొటనవేలి వంకర. వేలు పక్కవేలి మీదికి వాలుతుంది, పాదం లోపలి అంచున బుడిపె తేలుతుంది, చెప్పు ఒరుసుకుని ఎర్రబడుతుంది. ఆ బుడిపె కొత్తగా మొలిచిన ఎముకని చాలామంది నమ్మకం. ‘అది చెక్కేయండి చాలు’ అంటారు. నిజానికి మొలిచింది పెద్దగా ఏమీ ఉండదు. బొటనవేలి వెనకుండే మెటటార్సల్ అనే పొడుగాటి ఎముక దారితప్పి జరగడంతో దాని తల పక్కకు తోసుకొస్తుంది. పైపైన చెక్కి వదిలేస్తే వేలు మళ్లీ వాలుతుంది. అందుకే ఎముకను కోసి, సరైన చోటికి జరిపి బిగిస్తారు. బొటనవేలు వాలిన కోణం 15 డిగ్రీల లోపు, మొదటి రెండు మెటటార్సల్ ఎముకల మధ్య కోణం 9 డిగ్రీల లోపు ఉంటే మామూలు పాదం కిందే లెక్క. ఈ కోణాలు కొలిచే ఎక్స్‌రే మనిషి నిలబడి ఉండగా తీయాలి. పడుకోబెట్టి తీస్తే పాదం మీద బరువుండదు, వంకర ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. మీది పడుకోబెట్టి తీసిందైతే ఇంకొకటి తీయించమని అడగడానికి మొహమాటపడకండి. ఇంకో మాట: నొప్పి లేకుండా, చెప్పు పట్టకపోవడం లేకుండా, ఫొటోలో పాదం బాగోలేదని మాత్రమే చేయించుకునే ఆపరేషన్ కాదిది.

వంకర కొద్దిగా ఉంటే ఎముక తల దగ్గర ఇంగ్లిషు ‘వి’ ఆకారంలో, కాస్త ఎక్కువైతే ఎముక పొడవునా ‘జెడ్’ ఆకారంలో కోత పెడతారు. కోసిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి ఇమిడి కూర్చుంటాయి, చిన్న స్క్రూలు ఒకటో రెండో పట్టి ఉంచుతాయి. ఇలాంటి వాటికి చాలాసార్లు మర్నాడో మూడోనాడో గట్టి అడుగున్న ప్రత్యేకమైన చెప్పు వేసి, మడమ మీద మాత్రం బరువు వేసి నడవనిస్తారు. వంకర మరీ ఎక్కువై, ఎముక మొదట్లో ఉండే కీలు వదులుగా ఉంటే ఆ కీలునే శాశ్వతంగా అతికించేస్తారు. అక్కడ రెండు ఎముకలు కలిసి ఒక్కటి కావాలి. కొత్తరకం ప్లేట్లతో ముందే నడిపించే సర్జన్లున్నారు, 6 వారాలు అసలు ఆనించొద్దనేవాళ్లూ ఉన్నారు. అరికాలి వంపు పడిపోయిన చదును పాదానికైతే మడమ ఎముకను కోసి దాదాపు ఒక సెంటీమీటరు లోపలికి జరిపి, బలహీనపడిన నరానికి సాయంగా ఇంకో నరాన్ని తెచ్చి కుడతారు. ఇక్కడ మనవాళ్లు నరం అనేది నిజానికి స్నాయువు, కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది. అది అతుక్కోవాలి, ఎముకా అతకాలి. కాబట్టి 6 వారాలు కట్టులో, తర్వాత సుమారు 6 వారాలు పాదాన్ని కదలకుండా పట్టే ప్రత్యేకమైన బూటులో. అంచేత పక్కింటావిడ వారానికే నడిచిందని మీరూ నడవకండి. ఆవిడకు కోసిన చోటు వేరు.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు సర్జనును అడగాల్సింది కూడా అదే: ఎక్కడ కోస్తారు, దేంతో పట్టి ఉంచుతారు, నేను కాలు ఏ రోజు మోపాలి, మోపితే పాదంలో ఏ భాగం?

ఇక ముందుగా చేసుకోవాల్సినవి. అన్నిటికంటే మొండిది పొగ. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగిస్తుంది. పాదం గుండెకు అందరికంటే దూరపు చుట్టం, అక్కడికి చేరే రక్తమే అంతంతమాత్రం. కోత అంచులు నల్లబడడం, ఎముక నెలల తరబడి అతక్కపోవడం పొగతాగేవాళ్లలో ఎక్కువ. కనీసం 4 వారాల ముందు మానాలి, ఎముక అతికేదాకా మళ్లీ ముట్టకూడదు. ఇక్కడ మా వృత్తివాళ్ల తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కేసుషీటు నింపేటప్పుడు ‘సిగరెట్ తాగుతారా?’ అని అడుగుతాం. మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని. ‘లేదమ్మా’ అంటారు. అబద్ధం కాదు, ఆవిడ సిగరెట్ తాగదు! చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఏదైనా సరే, అడక్కపోయినా చెప్పండి.

షుగరున్నవాళ్లకు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8 దాటి ఉంటే తేదీ వాయిదా వేసుకోవడమే మంచిది. అరికాలి స్పర్శ కూడా చూపించుకోవాలి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ దారంతో పరీక్ష చేస్తారు, నిమిషం పని. స్పర్శ పోయిన పాదంలో తప్పు జరుగుతున్నా నొప్పి హెచ్చరించదు కాబట్టి ఆపరేషన్ చేయాలా వద్దా, చేస్తే బరువు ఎన్నాళ్లు ఆపాలి అన్న లెక్కలన్నీ మారిపోతాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు బిళ్లలు ఆపరేషన్‌కు 3 రోజుల ముందే ఆపాలి. షుగరు అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదం వాటితో ఉంది. ఆపిన రోజుల్లో బదులుగా ఏం వాడాలో రాసినాయన్నే అడగండి. రక్తం పల్చబడే మందులు మాత్రం ఎవరో చెప్పారని సొంతంగా ఆపేయకండి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికొస్తుంది. గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి. కట్టులో కదలకుండా ఉన్న కాలిలో రక్తం గడ్డకట్టే అవకాశాన్ని అవి పెంచుతాయి.

పాదం చర్మం రెండు వారాల ముందునుంచే చూసుకోవాలి. వేళ్ల సందుల్లో పాచి, మడమ పగుళ్లు, గోటి చుట్టూ చీము, వీటిలో ఏది ఉన్నా నయమయ్యాకే ఆపరేషన్. కాలి వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయకండి. కంటికి కనబడని గాట్లు పడతాయి, సూక్ష్మక్రిములకు అవే వాకిళ్లు. తీయాల్సి వస్తే ఆసుపత్రిలో క్లిప్పరుతో తీస్తారు. గోళ్లకు పాలిష్ వద్దు, గోరింటాకు అసలే వద్దు. ఆపరేషన్ తర్వాత గోరు నొక్కి వదిలితే తెల్లబడి, 2 సెకన్లలో గులాబీరంగు తిరిగి రావాలి. రక్తం అందుతోందని మాకు చెప్పేది ఆ గోరే. కాలిగోటికి పట్టిన గోరింటాకు నెలలకు గాని పోదు.

మెట్టెల గురించి విడిగా చెప్పాలి. తేలిగ్గా కొట్టిపారేసే సంగతి దగ్గరే పొద్దున్నే థియేటర్ వరండాలో కన్నీళ్లు చూడాల్సి వస్తుంది. మెట్టె ఉంటే ఎందుకు కుదరదంటే, ఆపరేషన్ తర్వాత వేళ్లు వాస్తాయి, వాచిన వేలికి మెట్టె ఉరితాడవుతుంది. రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరంతో లోహం దగ్గర చర్మం కాలే భయమూ ఉంది. అందుకే రెండు కాళ్లవీ తీయమంటారు. భర్త ఉండగా మెట్టె తీయకూడదని అత్తగారో అమ్మో అడ్డుపడితే, ఆ మాట వారం ముందే ఇంట్లో తేల్చుకోండి. ఏళ్లనాటి మెట్టె రాకపోతే ఇలా చేయండి. సాయంత్రానికి పాదాలు వాస్తాయి కాబట్టి పొద్దున లేవగానే ప్రయత్నించాలి. పది నిమిషాలు కాలు ఎత్తుమీద పెట్టి, చన్నీళ్లలో ముంచి, సబ్బు గాని కొబ్బరినూనె గాని రాయండి. కింద చీలిక ఉన్న మెట్టెను కొంచెం విడదీస్తే జారుతుంది. చీలిక లేకపోతే గట్టి దారం ఒక కొసను మెట్టె కిందనుంచి మడమవైపుకు దూర్చండి. మిగతా దారాన్ని మెట్టె ముందునుంచి వేలి కొసదాకా వరసగా, ఒకదాని పక్కన ఒకటిగా, బిగుతుగా చుట్టండి. ఇప్పుడు మడమవైపున్న కొస పట్టుకుని ముందుకు లాగుతూ విప్పుకుంటూ వస్తే, దారం విడే కొద్దీ మెట్టె దానితో పాటు ముందుకు పాకుతుంది. వేలు నీలంగా మారితే దారం వెంటనే విప్పేయండి. అప్పటికీ రాకపోతే కంసాలి దగ్గర కోయించుకోవడమే. ఆయన కోసింది మళ్లీ అతుకుతాడు. హడావిడిలో థియేటర్లో కోస్తే ముక్కలే చేతికొస్తాయి.

ఇల్లు సర్దుకోవడానికి ఒక ఆదివారం చాలు. చాపమీద పడుకునేవాళ్లకు మంచం కావాలి, నేలమీంచి ఒంటికాలిపై లేవడం కుదరని పని. నేలమట్టం మరుగుదొడ్డి ఉంటే కమోడ్ కుర్చీ అద్దెకో కొనుక్కునో పెట్టుకోండి. బాత్రూములో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, ఎదురుగా కాలు చాపుకోవడానికి స్టూలు. కాళ్లు తుడుచుకునే పట్టాలు, ఫ్యాను వైర్లు దారిలోంచి తీసేయండి. మన ఊళ్లో కొండవాలు వీధుల్లో చాలాచోట్ల గుమ్మందాకా ఆటో రాదు. ఆటో దిగేచోటి నుంచి ఇంటి గడపదాకా ఎన్ని మెట్లో ఆపరేషన్‌కు ముందే లెక్కపెట్టండి. మరీ ఎక్కువైతే కుట్లు విప్పేదాకా కిందున్న చుట్టాలింట్లో ఉండడం నయం. అపార్ట్‌మెంటులో పై అంతస్తువాళ్లు లిఫ్టును నమ్ముకుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు కరెంటు లేక రోజుల తరబడి మెట్లే గతి అయిన సంగతి ఊరు మరిచిపోలేదు. ఇది ముందే తేదీ ఎంచుకోగలిగిన ఆపరేషన్. తుఫాన్ల నెలలైన అక్టోబరు, నవంబరు తప్పిస్తే పోయేదేమీ లేదు.

చంక కర్రలో వాకరో, ఏది వాడాలన్నా రెండు కాళ్లూ బాగున్నప్పుడే నేర్చుకోండి. మత్తు దిగని మొదటిరోజు దానికి సమయం కాదు. చెప్పు వేసుకుని నిలబడితే కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందుండాలి. చేతిపట్టు మణికట్టు గీత దగ్గరకు రావాలి, అప్పుడు మోచేయి కొద్దిగా వంగి ఉంటుంది. బరువంతా అరచేతుల మీద. చంకమీద వేలాడితే అక్కడి నరం నలిగి కొన్నాళ్లకు మణికట్టు పైకి లేవకుండా వాలిపోతుంది. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కర్రలు, ఆపరేషన్ కాలు ముందు. భయమేస్తే సిగ్గుపడకుండా మెట్టుమీద కూర్చుని, వెనక్కి తిరిగి ఒక్కో మెట్టు జరగండి. వానాకాలంలో, సముద్రపు గాలికి చెమర్చిన పలకల మీద కర్ర కొసనున్న రబ్బరు బుడిపె జారుతుంది. గాడులు అరిగితే మార్చండి, కొత్తది కొద్ది డబ్బులకే వస్తుంది.

కర్రలు పట్టుకున్న మనిషి చేతులు ఖాళీగా ఉండవు. గ్లాసెడు నీళ్లు కూడా తెచ్చుకోలేరు. మెడలో వేలాడే సంచి, అందులో మూత బిగుతుగా ఉన్న ఫ్లాస్కు, ఫోను.

ఆపరేషన్ రోజు ఉపవాసం సంగతి. మామూలు టిఫినుకు, పాలకు 6 గంటలు, మాంసానికీ నూనె వంటకాలకూ 8 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు అన్నది వాడుకలో ఉన్న లెక్క. కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యే జబ్బులుంటే మత్తు డాక్టరు దాన్ని మారుస్తారు. పాలు కలిసిన టీ, కాఫీ నీళ్ల కిందికి రావు, పాల కిందికే వస్తాయి. ‘కాస్త టీనే కదా’ అని తాగినందుకు ఆగిపోయే ఆపరేషన్లున్నాయి.

కాలికి మాత్రమే మత్తిచ్చే ఇంజెక్షన్ చేస్తే 12 నుంచి 24 గంటలు పాదం మొద్దుబారి ఉంటుంది. రోగి హాయిగా నవ్వుతూ ‘నొప్పే లేదు’ అని బిళ్లలు పక్కన పెడతారు. అర్ధరాత్రి మత్తు విడిపోయాక ఒక్కసారిగా లేచే నొప్పిని అందుకోవడానికి ఏ బిళ్లకైనా గంట పడుతుంది. తిమ్మిరి తగ్గి చిమచిమ మొదలవగానే, నొప్పి రాకముందే రాసిచ్చిన మందు వేసుకోవాలి. మొద్దుబారి ఉన్నంతసేపు ఐసు పెట్టకండి, చర్మం గడ్డకట్టినా తెలియదు. తర్వాత గుడ్డలో చుట్టి కట్టుమీద గాని, మోకాలి వెనక గాని 15, 20 నిమిషాలు. కట్టు తడవకూడదు.

మొదటి 2 వారాల పని ఒక్కటే, కాలు ఎత్తున ఉంచడం. గంటలో 50 నిమిషాలు కాలు పైన, 10 నిమిషాలు మాత్రం కింద. పైన అంటే కుర్చీలో కూర్చుని ముందు స్టూలు మీద పెట్టడం కాదు. వెల్లకిలా పడుకుంటే కాలివేళ్లు ముక్కుకంటే పైన కనిపించాలి. దిండ్లు పిక్క కింద పెట్టాలి, మడమ గాలిలో ఉండాలి. మడమ కింద దిండు పెట్టి రోజులు గడిపితే అక్కడ పుండు పడుతుంది. కాలు కిందికి దించగానే పాదం ఊదారంగుకు మారి, బరువెక్కి దడదడలాడుతుంది. చూసి భయపడతారు, పైకెత్తితే తగ్గిపోతుంది. ఈ వాపు వల్లే కుట్లు బిగిసి, కోత విచ్చుకుని, అక్కణ్నుంచి చీము మొదలవుతుంది. మోకాలు వంచడం చాపడం, కట్టు బయట ఉన్న వేళ్లు ఆడించడం గంటకు పదిసార్లు చేయండి. సర్జను వద్దన్న వేలిని మాత్రం వదిలేయండి.

పత్యం పేరుతో చారన్నం, కారప్పొడి మీద పెట్టే ఇళ్లున్నాయి. పప్పు తింటే, గుడ్డు తింటే చీము పడుతుందని నమ్మకం. చీము పట్టేది సూక్ష్మక్రిములతో, పప్పుతో కాదు. కోత మానాలన్నా ఎముక అతకాలన్నా కావలసింది సరిగ్గా వాళ్లు మాన్పించే ఆ మాంసకృత్తులే. 60 కిలోల మనిషికి ఆ రోజుల్లో సుమారు 70 నుంచి 90 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో దాదాపు 20 ఉంటాయి. చేపలు దొరికే ఊళ్లో ఉండి చారన్నం తినడమేమిటి! కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతలోనే తినాలి.

సిమెంటు కట్టు చూడ్డానికి గట్టిపడ్డా లోపల ఆరడానికి 2, 3 రోజులు పడుతుంది. ఈలోగా గట్టి అంచుమీద ఆనిస్తే సొట్టపడి, ఆ సొట్ట చర్మాన్ని నొక్కుతుంది. ఫైబరు కట్టు త్వరగా ఆరుతుంది గాని దాని లోపల ఉండేదీ దూదే, తడిస్తే కుళ్లుతుంది. మన ఉక్కపోతకు దురద తప్పదు. స్కేలు, చీపురుపుల్ల, జడపిన్ను దూర్చొద్దు, పౌడరు పోయొద్దు. హెయిర్ డ్రయ్యరును చల్లగాలి మీద పెట్టి అంచునుంచి ఊదితే కొంత ఉపశమనం.

కొన్నిటికి మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. కాలు ఎత్తిపెట్టినా, మందు వేసినా తగ్గకుండా పెరిగే నొప్పి, వేళ్లు నీలమో తెలుపో అయి చల్లబడడం, స్పర్శ పోవడం. కట్టు లోపల ఒత్తిడి పెరిగిందని దానర్థం, వెంటనే ఆసుపత్రికి వెళ్లి కట్టు చీల్పించాలి. పిక్క గట్టిపడి నొప్పిగా వాచినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా 108కి ఫోన్ చేయండి. జ్వరం, కట్టునుంచి దుర్వాసన, ఆగకుండా ఊరే రసి ఉంటే ఆ రోజే చూపించండి.

కుట్లు సాధారణంగా 2 నుంచి 3 వారాల మధ్య తీస్తారు. వేలి కొసనుంచి బయటికి కనిపించే తీగలుంటే 4 నుంచి 6 వారాలకు లాగుతారు, అంతదాకా వాటికి దుప్పటి చిక్కుకోకుండా చూసుకోవాలి. 6 వారాలకు ఎక్స్‌రే. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. నాలుగో వారానికి నొప్పి దాదాపు పోతుంది, నొప్పి పోయింది గనక ఎముక అతికిందనుకుని అడుగేస్తారు. నొప్పి తగ్గడం ఒక గడియారం, ఎముక అతకడం ఇంకో గడియారం. రెండోది ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది.

సగం బరువు వేయమంటే, 20 కిలోలు వేయమంటే ఎలా తెలుస్తుంది? ఇంట్లో బరువు చూసుకునే ముల్లు మిషను చాలు. దాని పక్కన అంతే ఎత్తు పలక పెట్టి మంచికాలితో దానిమీద నిలబడండి. కర్రల ఊతంతో రెండో పాదాన్ని మిషను మీద ఆనించి, ముల్లు 20 దగ్గర ఆగేదాకా నెమ్మదిగా నొక్కండి. చూస్తూ పదిసార్లు, కళ్లు మూసుకుని పదిసార్లు. రెండు రోజుల్లో ఆ బరువు ఒంటికి గుర్తుండిపోతుంది. మరో చిన్న జాగ్రత్త: ఆపరేషన్ చెప్పుకో బూటుకో అడుగు మందంగా ఉంటుంది, రెండో కాలు వట్టిదైతే నడుము వంకరపోయి నొప్పి వస్తుంది. మంచికాలికీ అంతే మందం చెప్పు వేయాలి, ఇంట్లో కూడా. ఇంట్లో చెప్పులేమిటంటారా, వీధి తొక్కని కొత్త జత ఒకటి ఇంటికే కొని పెట్టుకోండి.

నడక మొదలయ్యాక మేము ఎక్కువగా సరిచేసేది దొంగనడకను. బొటనవేలి మీద బరువు పడితే నొప్పేస్తుందేమోనని పాదం బయటి అంచుమీద నడుస్తారు. నెలయ్యేసరికి చిటికెనవేలి వైపు కొత్త నొప్పి, మోకాలి నొప్పి మొదలు. కోత పూర్తిగా మానాక పాదం తడిపి, పొడిగా ఉన్న గచ్చు మీద గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి వెనక్కి చూడండి. బొటనవేలి గుండ్రటి ముద్ర లేకుండా బయటి అంచు గీత మాత్రమే పడితే మీది దొంగనడకే. మడమ, తర్వాత అరికాలి ముందుభాగం, చివర్న బొటనవేలు తోయడం, అద్దం ముందు నెమ్మదిగా సాధన చేయాలి. కీలు అతికించని ఆపరేషన్లలో సర్జను అనుమతించిన రోజునుంచి బొటనవేలిని చేత్తో పట్టి పైకీ కిందికీ వంచాలి, రోజుకు మూడు నాలుగు విడతలు, విడతకు పది. వేలి కొసను పట్టుకోవద్దు, మొదటి కణుపు పట్టుకోవాలి. ఇది ఎగ్గొడితే ఎక్స్‌రేలో వేలు నిటారుగా ఉంటుంది గాని వంగదు. కోత చుట్టూ మొద్దుబారిన చోటు చాలామందిలో నెలల్లో తగ్గుతుంది. మంట, చర్మం నున్నగా మెరవడం, గుడ్డ తగిలినా ఓర్వలేకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా చెప్పాలి. నాటు మర్దనలు మాత్రం ఎవరి చేతా చేయించకండి.

బొటనవేలి మొదటి కణుపు కీలునే అతికించే ఆపరేషన్ వేరే ఉంది, కీలు బాగా అరిగినవాళ్లకు చేస్తారు. నొప్పి పోతుంది, నడకా బాగుంటుంది, కానీ ఆ వేలు ఇక వంగదు. గొంతుక్కూర్చోవడం, నమాజులో వేళ్లు మడిచి కూర్చోవడం, మడమలెత్తి అందుకోవడం కష్టమవుతాయి. సంతకం పెట్టేముందే మీ రోజువారీ కూర్చునే తీరు సర్జనుకు చెప్పండి.

పుట్టుకతో పాదాలు లోపలికి తిరిగిన పసిపిల్లల దారి వేరు. వాళ్లకు పెద్ద కోత అక్కర్లేదు. వారానికో కట్టు చొప్పున సుమారు 5 నుంచి 7 కట్లు, చాలామందికి మడమ వెనక స్నాయువుకు చిన్న గాటు, ఆపై 3 వారాల కట్టు. తర్వాత 3 నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన 4 ఏళ్లదాకా నిద్రలో, మధ్యన కడ్డీతో కలిపిన పట్టీ బూట్లు. పాదం చక్కగా ఉంది కదా అని ఆ బూట్లు మాన్పించిన ఇళ్లలోనే వంకర తిరిగొస్తుంది.

వాపు 3 నుంచి 6 నెలలు, కొందరికి ఏడాది ఉంటుంది. కాబట్టి ఖరీదైన బూట్లు అప్పుడే కొనకండి. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి. తెల్లకాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలు గీయించుకుని, ఆ బొమ్మ మీద చెప్పు పెట్టి చూడండి. గీత చెప్పు బయటికి కనిపిస్తే అది మీ పాదానిది కాదు. పొడుగువేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ, మడమ ఎత్తు 3 సెంటీమీటర్లు దాటకుండా, వెనక పట్టీతో. హవాయి చెప్పు మొదటి నెలల్లో వద్దే వద్దు. దాని పట్టీ సరిగ్గా బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఒరుసుకుంటుంది, జారకుండా వేళ్లతో బిగించి పట్టుకోవాల్సి వస్తుంది. మెట్టెలు వాపు పూర్తిగా పోయాక, వదులువి.

కుడికాలికి చేయించుకున్నవాళ్లు కారుకు 6 నుంచి 8 వారాలు దూరం, గట్టిగా బ్రేకు తొక్కగలిగాకే. గేర్లు లేని స్కూటీ కదా అంటారు. సిగ్నలు దగ్గర బండి ఒరిగితే నేలకు ఆనేది ఏ కాలో ఆలోచించండి. కుర్చీలో పనివాళ్లు బొటనవేలి ఆపరేషన్ తర్వాత 2 నుంచి 4 వారాలకు వెళ్లొచ్చు, కాలు ఎత్తుకునే వీలుంటే. బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడేవాళ్లకు 8 నుంచి 12 వారాలు. షిప్‌యార్డులో, స్టీల్‌ప్లాంటులో ఇనుప మూతి బూట్లు వేసి నిచ్చెనలెక్కే వాళ్లకు 3, 4 నెలలు. వాచిన వేలిమీద ఆ ఇనుప మూత ఎక్కదు, ఎక్కినా కోతను కొరుకుతుంది. మెడికల్ సర్టిఫికెట్‌లో ‘విశ్రాంతి’ అని మాత్రమే రాయించుకోకుండా, తిరిగి చేరాక ఎన్నాళ్లు నిచ్చెనలు వద్దో అది కూడా రాయించుకోండి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, అదీ చాలామంది వట్టికాళ్లతో చేస్తారు. ఆషాఢం ఎప్పుడొచ్చినా ఆ ఏడాదికి అప్పన్నకు ఇంటినుంచే దండం పెట్టుకోండి. రెండో పాదానికీ చేయించాలంటే సాధారణంగా మూడు నెలలైనా ఎడం ఉండాలి. రెండూ ఒకేసారి చేస్తే కర్రలకు ఊతమిచ్చే కాలే ఉండదు.

ఇక మొదటి లైను దగ్గరకు. ఆసుపత్రుల వాళ్లకు మేము చేసే మనవి పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక రబ్బరు స్టాంపు, తెలుగులో. ‘....... తేదీ వరకు ఈ కాలు నేలకు ఆనించవద్దు. ....... తేదీ నుంచి మడమ మాత్రమే. ....... తేదీ నుంచి ....... కిలోల వరకు. ఎక్స్‌రే తేదీ .......’ అని. వారాలు వద్దు, క్యాలెండరులో చూసుకునే తేదీ కావాలి. స్టాంపు వేశాక అందులోని తేదీలు రోగి చేత, వెంట ఉన్న మనిషి చేత ఒకసారి పైకి చదివించండి. చదవడం రానివాళ్లకు క్యాలెండరు కాగితం మీద ఆ రోజు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఇవ్వండి.

ఇట్లు,
ఎముకల వార్డు నర్సులు, ఫిజియోథెరపిస్టులు కొందరు,
విశాఖపట్నం